పెన్న ఒడ్డున ఒక రోజు: వాడిపారేసే ప్లాస్టిక్ లేకుండా సద్దికట్టు

మన కడప, కర్నూలు, అనంతపురం వాళ్లకు సముద్రం లేదు. ఆదివారం పిల్లల్ని నీళ్ల దగ్గరికి తీసుకుపోవాలంటే మనకున్నవి ఏరు, చెరువు, డ్యామ్. కర్నూలు వాళ్లు సుంకేసులకు పోతారు, అనంతపురం వాళ్లు పెన్నహోబిలం వైపు పోతారు. కడప వాళ్లకు దగ్గర్లో పుష్పగిరి ఉంది, కాస్త దూరమైనా ఫర్వాలేదనుకుంటే జమ్మలమడుగు అవతల మైలవరం డ్యామ్, గండికోట ఉన్నాయి. ఈ వ్యాసం గండికోట, మైలవరం ఒకే రోజులో చూసి వచ్చే కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. మిగతా చోట్లకూ పద్ధతి ఇదే.

సముద్రం లేదంటే మన చెత్త సముద్రానికి పోదని కాదు. పెన్న కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు పారి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో మైలవరం, సోమశిల ఆనకట్టలు కొంత ఆపుతాయి. ఆగిందేమో మనం తాగే, పారించుకునే నీళ్లలోనే ఉండిపోతుంది.

గండికోట సంగతి ఇంకో రకం. అక్కడ పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయింది, లోయ సుమారు 300 అడుగుల లోతు. అంచు మీద గాలి ఎట్లుంటుందో పోయినవాళ్లకు తెలుసు. పిల్లవాడి చేతిలోని చిప్స్ కవరు ఒక్కసారి జారితే రెండు పల్టీలు కొట్టి లోయలో పడుతుంది. దాన్ని తెచ్చే మొనగాడు లేడు. అందుకే 'పోయేటప్పుడు ఏరుకుందాంలే' అనే మాట ఇక్కడ చెల్లదు. అసలు వెంట తేకపోవడమే ఉన్న దారి.

ఇంకో సంగతి. మన వెంట వచ్చే ప్లాస్టిక్‌లో చాలా భాగం ఇంట్లో నుంచి రాదు, దారిలో కొన్నదే. అదీ మూడు సందర్భాల్లో కొంటాం: దప్పికైనప్పుడు, పిల్లలు మారాం చేసినప్పుడు, సాయంత్రం ఒళ్లలిసి ఎవరికీ వండే ఓపిక లేనప్పుడు. ఈ మూడింటికీ ముందే జవాబు పెట్టుకుంటే తొంభై పాళ్లు పని అయిపోయినట్లే. కింద రాసిందంతా ఆ మూడింటి చుట్టే తిరుగుతుంది.

ముందుగా: ఏది మానాలి, ఏది మానక్కరలేదు

2022 జూలై 1 నుంచి దేశమంతటా కొన్ని వస్తువుల తయారీ, అమ్మకం, వాడకం నిషేధం. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, ట్రేలు, మిఠాయి డబ్బాల మీద చుట్టే పల్చటి పొర, బెలూన్ల పుల్లలు, అలంకరణకు వాడే థర్మోకోల్ అందులో ఉన్నాయి. క్యారీ బ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదు. నీళ్ల బాటిల్, నీళ్ల ప్యాకెట్, చిప్స్ కవరు, షాంపూ ప్యాకెట్ మాత్రం ఆ జాబితాలో లేవు. ఏటి ఒడ్డున ఎక్కువగా కంటపడేవి అవే. కాబట్టి చట్టాన్ని నమ్ముకుంటే సగం పనే అవుతుంది.

అంటే ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలన్నీ పారేసి కొత్తగా స్టీలువి కొనమని కాదు. ఏళ్లుగా వాడుతున్న ప్లాస్టిక్ డబ్బా, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్, పాత టిఫిన్ బాక్సు, ఇవన్నీ మళ్లీ మళ్లీ వాడేవే. వాటితో పేచీ లేదు. ఈ రోజు కోసమని వెదురు స్పూన్ల సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే అది ప్లాస్టిక్ కవర్లోనే వస్తుంది. మన వంటింట్లో ఉన్నది చాలు.

మోసం చేసే వస్తువులు కొన్ని ఉన్నాయి, వాటి దగ్గర కాస్త ఆగుదాం.

మొదటిది పేపర్ గ్లాసు. పేరుకు కాగితమే గానీ నీళ్లకు నానిపోకుండా లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఒకదాన్ని నిదానంగా చింపి చూడండి, కాగితం తెగినా లోపలి పొర సాగుతూ కనిపిస్తుంది. వేడి టీ పోస్తే ఆ పూతలోని సన్నటి ప్లాస్టిక్ రేణువులు టీలో కలుస్తాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు చూపించారు. వెండిలా మెరిసే పేపర్ ప్లేటుకూ ఇదే కథ.

రెండోది గుడ్డ సంచిలా కనిపించే 'నాన్ వోవెన్' సంచి. బట్టల కొట్లలో, స్వీటు షాపుల్లో ఇచ్చేది ఇదే. చేతికి గుడ్డలాగే తగులుతుంది గానీ అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్. అనుమానముంటే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపండి. నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, ప్లాస్టిక్ అయితే ముడుచుకుపోయి చిన్న గట్టి పూసలా తయారవుతుంది. ఉన్న సంచి చినిగేదాకా వాడుకోండి, ఏటి దగ్గర మాత్రం వదలొద్దు.

మూడోది విస్తరాకు. చిన్నప్పుడు జేజి మోదుగాకులు పుల్లలతో కుట్టేది. ఇప్పుడు అంగట్లో దొరికే మిషన్ విస్తళ్లలో చాలావాటికి ఆకుకూ అట్టకూ నడుమ ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. కొనే ముందు ఒక మూల చించండి. పొర సాగితే పక్కన పెట్టి, కుట్టుడు విస్తళ్లు అడగండి. పోక పట్టతో చేసిన ప్లేట్లలో పొర ఉండదు, ఖరీదు కాస్త ఎక్కువ.

వారం ముందు: ఎప్పుడు, ఎట్లా, ఎవరెవరు

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో గండికోట రాళ్ల మీద మధ్యాహ్నం నిలబడడం కష్టం. ఎండ ఎంత ఎక్కువుంటే అన్ని బాటిళ్లు కొంటాం, కాబట్టి కాలం చూసుకోవడం కూడా ప్లాస్టిక్ లెక్కలోకే వస్తుంది. వేసవిలోనే వీలైతే పొద్దున ఆరుకే అక్కడుండేట్లు బయల్దేరి, పదకొండుకల్లా నీడ పట్టున చేరండి.

సొంత బండి ఉంటే బరువుకు భయం లేదు. బస్సులో అయితే కడప నుంచి జమ్మలమడుగు దాకా వచ్చి, అక్కడి నుంచి గండికోటకు 15 కిలోమీటర్లు బస్సో ఆటోనో పట్టుకోవాలి. అప్పుడు ప్రతి మనిషీ మోయగలిగేదే సామాను. ఆ తేడా కింద అక్కడక్కడ చెప్తాను.

రెండు మూడు కుటుంబాలు కలిసి పోతుంటే వారం ముందే ఫోన్లో ఒక మాట అనుకోవాలి. లేకుంటే ఏమవుతుందంటే, మీరు స్టీలు ప్లేట్లు తెస్తారు, చిన్నాన్న వాళ్లు వంద పేపర్ ప్లేట్ల కట్ట, రెండు లీటర్ల కూల్ డ్రింకులు నాలుగు తెస్తారు. వాళ్లది ప్రేమే, తప్పు పట్టలేం. "చిన్నమ్మా, ప్లేట్లు గ్లాసులు మేం చూసుకుంటాం, నువ్వు ఓళిగలు చేసుకొనిరా" అని ముందే పని అప్పజెప్పేస్తే సరి. ఏమీ తేవద్దంటే నొచ్చుకుంటారు. ఫలానాది తెమ్మంటే సంతోషంగా తెస్తారు.

ఇక్కడే ఇంకో మాట తేల్చుకోవాలి, చాలామంది దాటేసే మాట. పేపర్ ప్లేటు ఎందుకు గెలిచిందంటే అది పారేయడానికి కాదు, కడగకుండా ఉండడానికి. ఆ కడిగేది ఎవరు? ఇంట్లో ఆడవాళ్లు. స్టీలు ప్లేట్లు తీసుకుపోదామని మగవాళ్లు గొప్పగా నిర్ణయించి, సాయంత్రం ఇరవై ప్లేట్లు అమ్మ ముందు పెడితే, వచ్చేసారి ఆమె పేపర్ ప్లేట్లే కొంటుంది, కొనాలి కూడా. అందుకని బయల్దేరకముందే ఒప్పందం: ఎవరి ప్లేటు వాళ్లే తుడిచి మూట కట్టాలి, ఇంటికొచ్చాక ఎవరిది వాళ్లే తోమాలి. నీళ్ల క్యాన్ మోసేది, నింపేది మగవాళ్లు. ఆరేడేళ్ల పిల్లలు కూడా తమ గ్లాసు తాము కడుక్కోగలరు. ఈ ఒప్పందం కుదరకపోతే కింద రాసిన వాటిలో సగం నిలబడవు.

నీళ్లు: మొదటి దెబ్బ ఇక్కడే

మనిషికి తాగడానికి రోజుకు మూడు లీటర్లు లెక్క వేసుకోండి, చలికాలమైతే రెండు. ఐదుగురికి పదిహేను లీటర్లు. చేతులు, మొహాలు, పిల్లల కాళ్లు కడగడానికి ఇంకో పది లీటర్లు వేరే క్యాన్లో, అది బోరు నీళ్లయినా సరే. బండిలో పోయేవాళ్లు వాటర్ ప్లాంటులో పట్టించిన ఇరవై లీటర్ల క్యాన్ ఒకటి డిక్కీలో పెట్టుకుంటే ఆ రోజుకు బాటిల్ కొనే అవసరం రాదు. క్యాన్‌కు చిన్న కుళాయి ఉన్న మూత తగిలించుకోండి. వంచి పోసుకుంటే ఒకటి రెండు లీటర్లు నేలపాలవుతాయి.

బస్సులో పోయేవాళ్లు మనిషికొక లీటరు స్టీలు బాటిల్, కుటుంబానికొక ఐదు లీటర్ల క్యాన్ పెట్టుకోండి. జమ్మలమడుగులో టిఫిన్ చేసే హోటల్లోనే మళ్లీ నింపుకోవచ్చు. టిఫిన్ తిన్నాక "అన్నా, ఈ బాటిళ్లలో కొంచెం ఫిల్టర్ నీళ్లు పట్టుకుంటాం" అంటే కాదనేవాళ్లు తక్కువ. ఏమీ కొనకుండా అడిగితేనే మొహమాటం.

చల్లగా లేకపోతే పిల్లలు తాగరు, అసలు చిక్కు అది. అంగట్లో బాటిల్ కొనేది నీళ్ల కోసం కాదు, చల్లదనం కోసం. దీనికి పాత ఉపాయముంది. క్యాన్‌కో స్టీలు బిందెకో గోనెసంచి చుట్టి, దాన్ని బాగా తడిపి, గాలి తగిలే నీడలో పెట్టండి. గంటకోసారి మళ్లీ తడపండి. తడి ఆరేటప్పుడు వేడిని లాక్కుపోతుంది, నీళ్లు చల్లబడతాయి. మన సీమ గాలి పొడి గాలి కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. సముద్రం ఒడ్డున ఉక్కపోతలో ఇంత ఫలితం ఉండదు. ప్లాస్టిక్ క్యాన్ కంటే స్టీలు, ఇత్తడి పాత్రలు త్వరగా చల్లబడతాయి. ఇంకా చల్లగా కావాలంటే రాత్రి రెండు స్టీలు డబ్బాల్లో ముప్పాతిక దాకా నీళ్లు పోసి ఫ్రీజర్లో పెట్టి, పొద్దున ఆ గడ్డల్ని క్యాన్లో వేయండి. డబ్బా నిండా పోస్తే గడ్డకట్టేటప్పుడు మూత లేచిపోతుంది.

కూల్ డ్రింకుల బదులు నన్నారి. ఒక గాజు సీసా నన్నారి షర్బత్తు, అరడజను నిమ్మకాయలు, రాత్రి నానబెట్టిన సబ్జా గింజలు చిన్న డబ్బాలో. అక్కడే స్టీలు గ్లాసుల్లో కలిపిస్తే పిల్లలకు కలుపుకోవడమే ఒక ఆట. గాజు సీసాకు పాత తువ్వాలు చుట్టండి, రాళ్ల మీద పగిలితే కాళ్లకు ప్రమాదం. పెద్దవాళ్లకు మజ్జిగ. టెంకాయ నీళ్లు దారిలో దొరికితే స్ట్రా వద్దని చెప్పి గ్లాసులో పోయించుకోండి.

ఎవరికైనా నీరసమొస్తే ఓఆర్ఎస్ ప్యాకెట్ చింపండి, మందుల దగ్గర పంతం పనికిరాదు. ప్యాకెట్ లేకుంటే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలవాలి.

ముందురోజు సాయంత్రం: సద్ది

సద్దికట్టు మన ఇళ్లకు కొత్త కాదు. పొలానికి పోయేవాళ్లు గుడ్డలో జొన్నరొట్టె, పచ్చడి మూట కట్టుకుపోయిన రోజుల్లో ఎవరూ దాన్ని పర్యావరణం అనలేదు. ఆ వంటలకున్న గొప్ప గుణం ఏమంటే చల్లారినా చెడవు, చేత్తో తినొచ్చు, స్పూను అక్కరలేదు.

రాగి సంగటి ఇంట్లోనే తినండి, చల్లారితే గట్టిపడి పిల్లలు ముట్టరు. బయటికి పనికొచ్చేవి ఇవి: ఎండు జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి లేదా ఊరిబిండి, చిత్రాన్నం, పెరుగన్నం, అలసంద వడలు. పెరుగన్నం మధ్యాహ్నానికి పులవకుండా ఉండాలంటే వేడన్నాన్ని మెత్తగా మెదిపి, కాచిన పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక ఒక్క చెంచా పెరుగు తోడు వేయండి. పన్నెండయ్యేసరికి కమ్మగా తోడుకుని ఉంటుంది. కోడికూర, గుడ్లు మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచకండి. తినాలనుకుంటే రాత్రికి ఇంట్లో వండుకోండి.

పొద్దుటి టిఫిన్‌కు నా ఓటు ఉగ్గానికి. దీన్ని అక్కడికక్కడే, పొయ్యి లేకుండా చేయొచ్చు. ఇంట్లో తాలింపు సిద్ధం చేసుకోండి: నూనెలో ఆవాలు, శనగపప్పు, ఎండుమిరపకాయలు, కరివేపాకు, పచ్చిమిర్చి, ఉల్లిపాయలు వేయించి, పసుపు, ఉప్పు, కాస్త టమోటా కూడా మగ్గనిచ్చి, చల్లారాక స్టీలు డబ్బాలో మూత పెట్టండి. బొరుగులు గుడ్డ సంచిలో, పప్పుల పొడి చిన్న డబ్బాలో. ఒడ్డు మీదికి పోయాక వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి బొరుగులు వేసి చేత్తో ముంచండి. నిమిషం చాలు, ఎక్కువ నానితే ముద్దయిపోతాయి. గుప్పిట్లోకి తీసుకుని రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండి తాలింపు డబ్బాలో వేయండి. వేడెక్కడా లేదు కాబట్టి కాలుతుందనే భయం లేదు, పిల్లలు పోటీ పడి పిండుతారు. పైన పప్పుల పొడి చల్లి, నిమ్మకాయ పిండి కలిపితే అయిపోయింది. పిండిన నీళ్లు ఏదైనా చెట్టు మొదట్లో పోయండి. బజ్జీ లేని ఉగ్గాని ఏం ఉగ్గాని అనేవాళ్లు దారిలో బజ్జీల బండి దగ్గర ఆగి సొంత డబ్బాలో పోయించుకోండి. కాగితంలో చుట్టిచ్చి పైన కవరు తగిలించే లోపే డబ్బా చాపాలి.

పండ్లలో చీనీకాయలు, అరటిపండ్లు, సీతాఫలాల కాలమైతే అవి. వాటి తొక్కే వాటి ప్యాకింగు. కలింగరకాయ ఇంటి దగ్గరే కోసి డబ్బాలో పెడితే నీరు కారుతుంది, కాయే తీసుకుపోయి అక్కడ కోయండి.

రెండో గండం పిల్లల మారాం. గండికోటలోనూ మైలవరంలోనూ చిన్న అంగళ్లున్నాయి, తోరణాల్లా వేలాడే రంగురంగుల ప్యాకెట్లున్నాయి. 'చిప్స్ వద్దు' అనే మాటకు ఏ పిల్లా వినదు. ఒక్కో పిల్లకు ఒక్కో చిన్న మూత డబ్బా ఇచ్చి, ముందురోజు సాయంత్రం వాళ్లనే నింపుకోమనండి: బొరుగుల ఉండలు, చెనిక్కాయల పట్టి, నిప్పట్లు, మురుకులు, కమ్మరకట్లు. డబ్బా తమది, ఎప్పుడు తినాలో తమ ఇష్టం. వాళ్ల ప్యాకెట్ వాళ్ల చేతిలోనే ఉన్నప్పుడు అంగడి పోరు బాగా తగ్గుతుంది. అయినా ఏడిస్తే ఒక ప్యాకెట్ కొనివ్వండి, కవరు చించేటప్పుడు మూల తెంచి పారేయకుండా అంటిపెట్టుకునేలా చించి, ఖాళీ అవగానే మడిచి మీ జేబులో పెట్టుకోండి. ఒక ప్యాకెట్ కోసం రోజంతా పాడుచేసుకోవడం తెలివి కాదు.

మూట కట్టడం

కుటుంబానికి కావలసినవి ఇంతే: మనిషికొక స్టీలు ప్లేటు, గ్లాసు, రెండు గరిటెలు, నాలుగు చెంచాలు, కత్తి, రెండు పాత దుప్పట్లు, వాటి మూలలకు కట్టడానికి నాలుగు గుడ్డ తాళ్లు (గాలికి లేవకుండా రాళ్లు కట్టొచ్చు), తుడుచుకోవడానికి పాత పంచె ముక్కలు, ఒక ఖాళీ గోతాం, మూత గట్టిగా పట్టే ఒక పెద్ద డబ్బా, ఖాళీ క్యారియర్ ఒకటి. చివరి మూడూ ఎందుకో ముందుకు చెప్తాను.

ఇరవై మంది దాటితే స్టీలు మాని కుట్టుడు విస్తళ్లకు పోండి. బస్సులో పోయేవాళ్లకూ అదే నయం.

తడి టిష్యూలు, వైప్స్ చాలావాటిలో పాలిస్టర్ కలిసి ఉంటుంది, కాగితంలా కరిగిపోవు. ఒక డబ్బాలో తడిపి పిండిన గుడ్డ ముక్కలు, ఇంకో డబ్బా వాడినవాటికి, సరిపోతుంది. పసిపిల్లలున్నవాళ్లు దారికి డైపర్ వేసి, ఒడ్డు మీద గుడ్డ లంగోటీ కట్టినా ఒకటి తగ్గుతుంది. వాడిన డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి, మూత డబ్బాలో వేసి ఇంటికే తీసుకురండి. అక్కడి పొదల్లో ఏం కనిపిస్తాయో రాయడం బాగుండదు.

స్నానానికి షాంపూ ప్యాకెట్లు అసలే వద్దు. పుష్పగిరి లాంటి స్నానఘట్టాల దగ్గర మెట్ల సందుల్లో చిక్కుకునేవి ఈ రూపాయి ప్యాకెట్లే. ఏట్లో సబ్బూ వద్దు. మునిగి లేవండి, తలస్నానం ఇంట్లో చేయండి. తప్పదంటే సీకాయ పొడి చిన్న డబ్బాలో.

దారిలో, ఒడ్డు మీద

టీ దగ్గర ఆగినప్పుడు బండి దిగే ముందే గ్లాసులు చేతిలోకి తీసుకోండి. "అన్నా, ఐదు టీ, మా గ్లాసుల్లోనే పొయ్యి" అని మొదటి మాటగా చెప్పాలి. ఆయన పేపర్ గ్లాసులు వరసగా పేర్చేశాక చెబితే లాభం లేదు.

గండికోటలో ముందు కోట చూడండి. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ దగ్గర దగ్గరే. లోయ అంచుకు పోయేటప్పుడు తినుబండారాలు, సంచులు ఏవీ చేతిలో ఉంచుకోవద్దు, బండిలోనో చెట్టు కింద ఒకరి కాపలాలోనో వదిలి, మెడలో నీళ్ల బాటిల్ ఒక్కటే వేసుకుని పోండి. గాలికి ఎగరడానికి ఏమీ ఉండదు, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. పిల్లల చేయి పట్టుకోవడానికి అదీ అవసరం. అంచు పొడవునా కంచె లేదు, రాళ్లు వదులుగా ఉంటాయి.

భోజనం అంచు మీద కాదు, కోట లోపలో మైలవరం దగ్గర చెట్ల నీడనో. దుప్పటి పరిచి మూలలకు రాళ్లు కట్టండి. కోతులు, కుక్కలు చేరితే ఏదీ విసరొద్దు. ఒకసారి రుచి మరిగితే తర్వాత వచ్చేవాళ్ల సంచులు లాగుతాయి, కవర్లతో సహా తింటాయి. పశువులదీ అదే బాధ. అన్నం వాసన పట్టిన కవర్లు మింగిన ఆవులకు పొట్టలో అవి గడ్డకట్టుకుపోతాయి.

డ్యామ్ నీళ్లలో దిగే ముందు అక్కడి వాళ్లను అడగండి. గేట్లు ఎత్తితే నీటిమట్టం ఉన్నట్టుండి మారుతుంది, బురద ఎక్కడ లోతో పైకి తెలీదు. పిల్లలకు మోకాలి లోతు దాటనివ్వొద్దు.

ఆటలకు ప్లాస్టిక్ బంతులు, బెలూన్లు అక్కరలేదు. గులకరాళ్లు ఏరుకుంటే అచ్చనగాయలు, చింతగింజలు తెచ్చుకుంటే వామనగుంటలు, కట్టె ఉంటే గిల్లిదండ. ఇసుక ఉన్న చోట టెంకాయ చిప్ప, స్టీలు గరిటె ఇస్తే చిన్నపిల్లలు గంట సేపు కదలరు. అవ్వలు తాతలు వెంట ఉంటే ఈ ఆటలు నేర్పే పని వాళ్లకు అప్పజెప్పండి, వాళ్లకు కూర్చున్న చోటే పొద్దుపోతుంది.

సర్దుకునేటప్పుడు

తిన్న ప్లేట్లు ఏట్లో కడగొద్దు, నూనె జిడ్డు నీళ్ల మీద తేలుతుంది. మెతుకులు పెద్ద డబ్బాలోకి దులిపి, పంచె ముక్కతో తుడిచి, ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి గుడ్డలో మూట కట్టండి. తోమడం ఇంటి దగ్గర. విస్తళ్లు, తొక్కలు అదే డబ్బాలోకి. 'ఆకే కదా, కుళ్లిపోతుందిలే' అని వదిలితే మీ తర్వాత వచ్చినవాళ్లు దాని పక్కనే పేపర్ ప్లేటు పడేస్తారు. చెత్త ఉన్న చోట చెత్త వేయడానికి ఎవరికీ సంకోచముండదు.

గోతాం ఎందుకంటే, ఇతరులు వదిలింది ఏరడానికి. ఇది ఐచ్ఛికం. చేయాలనుకుంటే పది నిమిషాలు, కూర్చున్న చోటు చుట్టూ పది అడుగులు, అంతే. పిల్లలకు బాటిళ్లు, మూతలు, చిప్స్ కవర్లు అప్పజెప్పండి. పగిలిన సీసా పెంకులు, డైపర్లు, సిరంజిల్లాంటివి పెద్దవాళ్లు కూడా చేతులతో ముట్టొద్దు. లోయ అంచు మీద ఉన్నదాని జోలికి ఎవరూ పోవద్దు.

పోగైన చెత్త అక్కడ కాల్చొద్దు. ప్లాస్టిక్ పొగ విషం, పైగా ఎండుగడ్డి నిండిన కొండ మీద నిప్పురవ్వ ఎటు పోతుందో తెలీదు. అక్కడి డబ్బా నిండిపోయి ఉంటే దాని పక్కన పెట్టి రావడమూ అంతే సంగతి, రాత్రికి కుక్కలు లాగి, పొద్దునకు గాలి చల్లేస్తుంది. గోతాం మూతి కట్టి ఊరికి తెచ్చి మున్సిపాలిటీ బండికి ఇవ్వండి.

తిరుగు దారి: మూడో దెబ్బ

రోజంతా జాగ్రత్తగా ఉన్నవాళ్లు కూడా సాయంత్రం ఏడింటికి ప్రొద్దుటూరులో పడిపోతారు. అందరికీ ఆకలి, ఒళ్లు నొప్పులు, ఇంటికి పోయి వండే ఓపిక లేదు. 'పార్సిల్ తీసుకుందాం' అంటారు. ఒక్క పార్సిల్‌తో సాంబారు కవరు, పప్పు కవరు, చట్నీ కవరు, పెరుగు కవరు, వాటన్నిటికీ కలిపి ఇంకో పెద్ద కవరు ఇంటికొస్తాయి.

ఖాళీ క్యారియర్ తెచ్చుకుంది దీనికోసమే. గిన్నెలు విడదీసి కౌంటర్ మీద పెట్టి "ఇందులో పప్పు, ఇందులో సాంబారు" అని చూపిస్తే గొడవ ఉండదు. హోటల్ వాళ్లకు కవర్ల ఖర్చు మిగిలినట్లే, ఎవరూ కాదనరు. అక్కడే కూర్చుని తినగలిగితే ఇంకా మేలు. క్యారియర్ మర్చిపోతే మధ్యాహ్నం ఖాళీ అయిన చిత్రాన్నం డబ్బాలున్నాయి.

మైపాడు దాకా పోయేవాళ్లకు

సెలవుల్లో సముద్రమే చూడాలని నెల్లూరు మీదుగా మైపాడు పోయే కుటుంబాలు కడప వైపు చాలానే ఉన్నాయి. పద్ధతి అదే, నాలుగు తేడాలున్నాయి. తడి గోనె ఉపాయం అక్కడ అంతగా పనిచేయదు కాబట్టి ఐసు గడ్డలు ఎక్కువ పెట్టుకోండి. అలలు ఎంత దూరం వస్తాయో చూసి, తడి ఇసుక గీతకు బాగా పైన దుప్పటి పరచండి, లేకుంటే చెప్పులు, డబ్బా మూతలు నీళ్ల పాలవుతాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నైలాన్ వల ముక్కలతో పిల్లల్ని ఆడనివ్వొద్దు, కాళ్లకు చుట్టుకుంటాయి. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నీళ్లలో తేలే పల్చటి కవరును జెల్లీ చేప అనుకుని తాబేళ్లు మింగుతాయి, కాబట్టి ఆ నెలల్లో ఇసుక మీద కనిపించిన కవర్లు ఏరితే మంచిది.

ఇంటికొచ్చాక

ఆ రాత్రే బాటిళ్ల మూతలు తీసి బోర్లించండి, మూత పెట్టి వదిలితే వాసన పడతాయి. తడి డబ్బాలోని తొక్కలు, మెతుకులు, విస్తళ్లు దిబ్బలో వేయండి, దిబ్బ లేనివాళ్లు తడి చెత్త బుట్టలో. విస్తళ్లను ముక్కలుగా చించి వేస్తే త్వరగా మాగుతాయి. దుప్పట్లు దులిపి, గుడ్డ సంచులు ఉతికి, అన్నీ ఒకే పెద్ద సంచిలో కట్టి అటక మీద పెట్టేయండి. వచ్చేసారి వెతుక్కునే పని ఉండదు.

ఇంకొక్క పని. ఆ రోజు దారిలో ఏ ప్లాస్టిక్ కొన్నారో, ఏ సమయంలో కొన్నారో ఒక చీటీ మీద రాసి ఆ సంచిలోనే వేయండి. 'మధ్యాహ్నం రెండు, నీళ్లు అయిపోయాయి, బాటిల్ ఒకటి' అని ఉంటే వచ్చేసారి క్యాన్ పెద్దది కావాలన్నమాట. 'సాయంత్రం, పాపకు ఐస్‌క్రీమ్ కప్పు' అని ఉంటే, కప్పు బదులు కోన్ అడగాలి, లేదా ఇంట్లోంచి తెచ్చిన గిన్నె చాపాలి.